స్లీప్ నుంచి లేచాక వైఫై మాయమయ్యే ల్యాప్‌టాప్‌కి ఇంటెల్ ఏఎక్స్210 కార్డు వేయించాను: కర్నూలు నుంచి నా రివ్యూ

నేను కొన్నది ఇంటెల్ ఏఎక్స్210 అనే వైఫై కార్డు. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 30 మిల్లీమీటర్ల పొడవు ఉండే చిన్న పచ్చ ముక్క, ల్యాప్‌టాప్ లోపల ఒక్క స్క్రూతో కూర్చుంటుంది. ఆన్‌లైన్‌లో రెండు వేల లోపే దొరికింది. ఎందుకు కొన్నానంటే, ల్యాప్‌టాప్ మూత తెరిచిన ప్రతిసారీ వైఫై గుర్తు ఉండాల్సిన చోట గ్లోబు బొమ్మ కనిపించడం, నొక్కితే వైఫై బటనే లేకపోవడం, మెషిన్ మొత్తం ఆపి మళ్లీ వేస్తే గానీ రాకపోవడం. ఆ బాధ ఈ కార్డుతో పూర్తిగా పోయింది. కానీ స్లీప్ తర్వాత నెట్ రాని ప్రతి ఒక్కరూ ఇది కొనాలని మాత్రం నేను చెప్పను, చాలామందికి పైసా ఖర్చు లేకుండానే బాగవుతుంది. కాబట్టి ముందు ఆ తేడా ఎలా తెలుసుకోవాలో చెప్పి, తర్వాత కార్డు గురించి చెప్తాను.

నాది కొండారెడ్డి బురుజుకి దగ్గర్లో చిన్న ఇంటర్నెట్ సెంటర్. అడంగల్, 1బి కాపీలు, పీఎం కిసాన్ ఈకేవైసీ, పిల్లల ఈఏపీసెట్ అప్లికేషన్లు, కౌన్సెలింగ్ ఆప్షన్లు, ఇవే పనులు. కోడుమూరు, వెల్దుర్తి, ఓర్వకల్లు వైపు నుంచి రైతులు పొద్దున్నే వచ్చి మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డలు దింపి, ఆ లెక్క తేలేలోపు కాగితాల పని చూసుకుందామని నా దగ్గరికి వస్తారు. వాళ్ల ఫోన్‌కి ఓటీపీ వచ్చి ఉంటుంది, ఇక్కడ నా స్క్రీన్ మీద నెట్ ఉండదు. మెషిన్ ఆపి వేసేలోపు ఓటీపీ గడువు అయిపోతుంది, మళ్లీ పంపమంటే సైటు కాసేపు ఆగమంటుంది. "ఇంగెంత సేపు నాయనా, బస్సు పోతాది" అని పెద్దాయన అడుగుతుంటే ఎంత టెన్షన్‌గా ఉంటుందో కౌంటర్ వెనక కూర్చున్న వాళ్లకే తెలుస్తుంది. అప్లికేషన్ చివరి రోజైతే ఇంక చెప్పక్కర్లేదు, తప్పు ఎవరిదైనా నష్టపోయేది ఆ పిల్లోడు.

"స్లీప్ పెట్టకుండా ఉంటే సరిపోతుంది కదన్నా" అని చాలామంది అన్నారు. పెట్టకుండా ఉండొచ్చు, కానీ మా ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల షెడ్డులా వేడెక్కే షాపులో ల్యాప్‌టాప్ రోజంతా తెరిచి పెడితే ఫ్యాను ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, ఆ వేడికి బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ప్రింటరు, రౌటరు, రెండు మెషిన్లు లాగాలి. కస్టమర్ లేనప్పుడు మూత వేస్తే అది నిద్రపోవాలి, తెరిస్తే లేవాలి, అంతే. ఇంత మామూలు పని చేయని మెషిన్‌కి మనం సర్దుకుపోవాలనడం నాకు నచ్చదు.

ఇప్పుడు అసలు సంగతి. స్లీప్‌లోకి వెళ్లేటప్పుడు వైఫై కార్డుకి కూడా కరెంటు దాదాపు తీసేస్తారు. లేచేటప్పుడు డ్రైవర్ (విండోస్ తరఫున కార్డుతో మాట్లాడే సాఫ్ట్‌వేర్) దాన్ని తట్టి లేపాలి, కార్డులోకి ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) ఎక్కించాలి, తర్వాత చుట్టూ ఉన్న నెట్‌వర్క్‌లు వెతకాలి, పాస్‌వర్డ్ సరిచూసుకోవాలి, చివరికి రౌటరు నుంచి ఐపీ అడ్రస్, అంటే ఆ నెట్‌వర్క్‌లో మన మెషిన్ నంబరు, తెచ్చుకోవాలి. మామూలుగా ఇదంతా కొన్ని క్షణాల్లో అయిపోతుంది. ఎక్కడ తెగినా మనకి కనిపించేది ఒకటే, నెట్ లేదు. అందుకే అందరూ ఒకే మందు చెప్తుంటారు, అది కొందరికి పనిచేసి కొందరికి చేయదు. ఎక్కడ తెగిందో చూడాలి.

వైఫై కనెక్ట్ అయిందని చూపిస్తూ నెట్ మాత్రం రాకపోతే, కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. అడ్రస్ 169.254తో మొదలవుతుంటే మీ కార్డు బాగానే ఉంది, రౌటరు నుంచి అడ్రస్ తెచ్చుకోలేకపోయిందని అర్థం. వైఫై ఒకసారి ఆపి వేసినా, రౌటరు రీస్టార్ట్ చేసినా చాలా వరకు సర్దుకుంటుంది. నెట్‌వర్క్‌ల జాబితా కనిపిస్తూ మీది మాత్రం దానంతట అది కలవకపోతే, ఆ నెట్‌వర్క్‌ని ఒకసారి ఫర్‌గెట్ చేసి మళ్లీ పాస్‌వర్డ్ కొట్టి, ఆటోమేటిక్‌గా కనెక్ట్ అవ్వాలనే టిక్ పెట్టండి. ఈ రెండు రకాల వాళ్లు కార్డు కొంటే డబ్బు దండగ.

మూడో రకం నాది. జాబితా లేదు, బటన్ లేదు, మెషిన్‌లోని భాగాలన్నీ చూపించే డివైస్ మేనేజర్ తెరిస్తే నెట్‌వర్క్ అడాప్టర్ల కింద వైఫై కార్డు పేరే లేదు. కొన్నిసార్లు పేరు ఉండేది గానీ పక్కన పసుపు త్రికోణం, లోపల కోడ్ 10 అని ఉండేది. అంటే కార్డు లేవనే లేదు. లేవని దానికి పాస్‌వర్డ్ మార్చి ఏం లాభం?

అయినా సెట్టింగ్స్ అన్నీ చూశాను, మీరూ చూడండి, వీటికి ఖర్చు లేదు. డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డు మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్, అక్కడ కరెంటు ఆదా కోసం ఈ డివైస్‌ని ఆపుకోవచ్చనే టిక్ ఉంటుంది, అది తీసేయండి. ఎక్కువమందికి ఇక్కడే తగ్గిపోతుంది. ఆ ట్యాబే కనిపించకపోతే మీది బహుశా మోడర్న్ స్టాండ్‌బై మెషిన్, అంటే ఫోన్‌లా సగం మేలుకునే నిద్రపోయే కొత్త రకం. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లిషులో కొట్టి, ఖాళీ ఇచ్చి, ముందుకు వాలిన గీత, దాని పక్కనే ఇంగ్లిషు a అక్షరం (powercfg /a) కొడితే మీ మెషిన్‌లో ఉన్నది పాత ఎస్3 స్లీపా, కొత్త ఎస్0 స్లీపా అని చెప్తుంది. పవర్ ప్లాన్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో వైర్‌లెస్ అడాప్టర్‌ని మాగ్జిమమ్ పెర్ఫార్మెన్స్‌లో పెట్టడం, పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్‌ని ఆఫ్ చేయడం కూడా పనికొస్తాయి, మీ మెషిన్‌లో అవి కనిపిస్తే. డ్రైవర్ మాత్రం ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి తీసుకోండి. డ్రైవర్ బూస్టర్ల పేరుతో యాడ్స్‌లో వచ్చే సాఫ్ట్‌వేర్‌లు షాపు మెషిన్‌లో అస్సలు వేయొద్దు, మన దగ్గర జనాల ఆధార్ నంబర్లు ఉంటాయి.

వీడియోల్లో ప్రతివాడూ చెప్పేది ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేయమని. అది షట్‌డౌన్‌కి సంబంధించింది, స్లీప్‌కి కాదు. దాని వల్ల ఒక్కటే ఉపయోగం: ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే మామూలు షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా మూతపడదు, కొంత భాగాన్ని డిస్క్‌లో దాచుకుంటుంది, అందుకే మాయమైన కార్డు ఒక్కోసారి ఆపి వేసినా తిరిగి రాదు. షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొడితే పూర్తిగా ఆగుతుంది. ఇక నెట్‌వర్క్ రీసెట్ అనే బటన్ ఉంది చూడండి, అది నొక్కేముందు ఆలోచించండి, సేవ్ చేసుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి. కార్డే కనిపించని చోట దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇంకొక మంచి ఉపాయం ఉంది, కార్డు పేరు డివైస్ మేనేజర్‌లో కనిపిస్తూ పనిచేయని వాళ్లకి. టాస్క్ షెడ్యూలర్‌లో కొత్త టాస్క్ పెట్టి, ట్రిగ్గర్‌గా సిస్టమ్ లాగ్‌లో పవర్ ట్రబుల్‌షూటర్ సోర్స్, ఈవెంట్ ఐడీ 1 ఇవ్వండి. మెషిన్ స్లీప్ నుంచి లేచినప్పుడు విండోస్ రాసుకునే ఈవెంట్ అది. అది రాగానే అడాప్టర్‌ని డిసేబుల్ చేసి మళ్లీ ఎనేబుల్ చేసే చిన్న స్క్రిప్ట్ నడిచేలా పెడితే మనం చెయ్యి పెట్టకుండానే వైఫై లేస్తుంది. నా పక్క షాపు తమ్ముడి మెషిన్‌కి ఇదే పెట్టాను, ఇప్పటికీ హాయిగా నడుస్తోంది.

నాకు అనుమానం తీరింది వేరే దారిలో. విండోస్ బదులు వాడే ఉబుంటు అనే ఉచిత లైనక్స్ సిస్టమ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా దాని మీదే మెషిన్ నడిపి, స్లీప్‌లో పెట్టి లేపాను. అక్కడ కూడా కార్డు మాయం. విండోస్ లేని చోట కూడా అదే జరిగిందంటే విండోస్‌ని తిట్టుకుని ఫార్మాట్ కొట్టించడం వృథా అని తేలిపోయింది. దయచేసి ఫార్మాట్‌కి ముందు ఎవరైనా ఈ ఒక్క పరీక్ష చేసుకోండి, సగం రోజు పని, ప్రింటర్ డ్రైవర్లు, బయోమెట్రిక్ సెట్టింగ్స్ అన్నీ మిగులుతాయి.

ఈ మధ్యలో ఒక సర్వీస్ సెంటర్‌కి కూడా తీసుకెళ్లాను, పేరు వద్దులెండి. కౌంటర్‌లో కూర్చున్నతను మూత కూడా విప్పకుండానే "బోర్డు పోయింది సార్, పాత మోడల్, కొత్తది తీసుకోండి" అన్నాడు. వైఫై కార్డు విడిగా ఉంటుంది కదా, అది మార్చి చూడొచ్చు కదా అని అడిగితే అలాంటివి మేం చేయం అన్నాడు. కొత్త ల్యాప్‌టాప్ అంటే మాలాంటి వాళ్లకి నలభై, యాభై వేలు. రెండు వేల లోపు పోయే రోగానికి యాభై వేల వైద్యం చెప్పడం చూస్తే నిజంగా కోపం వచ్చింది. అక్కడికి వచ్చే ప్రతి ఒక్కరికీ లోపల ఏముందో తెలియదు కదా, నమ్మి కొనేస్తారు.

సరే, కార్డు విషయానికి వద్దాం. ఏఎక్స్210నే ఎందుకు తీసుకున్నానంటే, ఇది బోర్డుకి కార్డుల్ని కలిపే మామూలు పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారి మీద పనిచేస్తుంది, కాబట్టి లోపల ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నా ఏఎమ్‌డీ ప్రాసెసర్ ఉన్నా నడుస్తుంది. అదే ఇంటెల్ వాళ్ల ఏఎక్స్201, ఏఎక్స్211 చూడటానికి దాదాపు ఇలాగే ఉంటాయి, స్లాట్‌లో కూర్చుంటాయి కూడా, కానీ వాటికి కావాల్సిన సగం పని ప్రాసెసర్ వైపే ఉండాలి, అందుకే కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో తప్ప నడవవు. ఒక్క అంకె తేడాతో డబ్బు పోతుంది, ఆర్డర్ పెట్టేటప్పుడు రెండుసార్లు చదవండి. వైఫై 6ఈ, బ్లూటూత్ 5.2 తరం కార్డు ఇది, 2.4, 5, 6 గిగాహెర్ట్జ్ మూడింటి మీదా పనిచేస్తుంది. డ్రైవర్లు విండోస్ 10, 11 64 బిట్‌కి వస్తాయి. విండోస్ 7 ఇంకా వాడుతున్న షాపులు మన ఊళ్లో ఉన్నాయి, వాళ్లకి ఇది పనికిరాదు. లైనక్స్ వాడేవాళ్లకి 5.10 కెర్నల్ నుంచి సపోర్ట్ ఉంది.

కొనేముందు మీ ల్యాప్‌టాప్ కింది మూత విప్పి చూడాలి, లేదా మోడల్ పేరుతో వెతకాలి. ఎమ్.2 2230 సైజు కార్డు, దానికి A కీ లేదా E కీ అనే రకం స్లాట్ ఉంటేనే ఇది పడుతుంది. బాగా పాత వాటిలో హాఫ్ మినీ కార్డు ఉంటుంది, సన్నగా తయారైన కొత్త వాటిలో వైఫై చిప్‌ని బోర్డుకే సోల్డర్ చేసి ఉంటారు, ఆ రెండింటికీ ఇది కుదరదు. కొన్ని పాత మెషిన్లలో కంపెనీ ఒప్పుకున్న కార్డులు తప్ప వేరేవి పెడితే బయోస్ (మెషిన్ ఆన్ అవగానే మొదట నడిచే ప్రోగ్రామ్) దగ్గరే ఆగిపోతాయి, అది కూడా ముందే తెలుసుకోండి.

బిగించడం కష్టం కాదు గానీ నిదానం కావాలి. చార్జర్ తీసేసి, మూత విప్పాక ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. పాత కార్డు మీద రెండు సన్నని యాంటెన్నా వైర్లు ఉంటాయి, వాటిని పక్కకి లాగకుండా నిలువుగా పైకి లేపాలి. కొత్త కార్డు మీద వాటిని పెట్టడమే అసలు పరీక్ష, ఎమ్‌హెచ్‌ఎఫ్4 అనే ఆ కనెక్టర్లు ఆవగింజంత ఉంటాయి, సరిగ్గా మధ్యలో పెట్టి నొక్కితే చిన్నగా టక్కుమంటుంది. వంకరగా నొక్కితే నలిగిపోతాయి, అప్పుడు యాంటెన్నా మొత్తం మార్చాల్సి వస్తుంది. చూపు సరిగా ఆనని వాళ్లు, చేతులు వణికే వాళ్లు సెల్‌ఫోన్ రిపేర్ చేసే కుర్రాళ్లకి ఇవ్వండి, వాళ్లకి ఇంతకంటే చిన్నవి రోజూ అలవాటే. నాకూ అలాంటి కుర్రాడే బిగించాడు, పక్కనే నిలబడి చూశాను, టీ తాగేంతలో అయిపోయింది.

ఒక్క జాగ్రత్త. కొత్త కార్డు పెట్టాక డ్రైవర్ దిగితే గానీ వైఫై రాదు, వైఫై లేకుండా డ్రైవర్ దిగదు. కాబట్టి ఇంటెల్ సైటు నుంచి వైఫై డ్రైవర్, బ్లూటూత్ డ్రైవర్ రెండూ ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. అవి రెండూ వేరువేరు ఫైళ్లు. బ్లూటూత్ రావట్లేదని కార్డు వాపస్ పంపేవాళ్లలో చాలామంది రెండోది వేసుకోని వాళ్లే అని నాకు గట్టి అనుమానం.

వేశాక ఎలా ఉంది? మూత తెరిచి పాస్‌వర్డ్ కొట్టేలోపు వైఫై కలిసిపోయి ఉంటుంది. ఎండాకాలం మొత్తం వాడాను, ఈఏపీసెట్ సీజన్ రద్దీ అంతా దాని మీదే గడిచింది, కార్డు మాయమవడం ఒక్కసారి కూడా జరగలేదు. రాత్రంతా స్లీప్‌లో ఉంచి పొద్దున తెరిచినా అంతే. ఈకేవైసీ పనికి వచ్చిన వాళ్లని ఇప్పుడు ఓటీపీ రాగానే చెప్పమంటున్నాను, వాళ్లు చెప్తుంటే నేను కొట్టేస్తున్నాను. ఇంతకంటే నాకేం కావాలి? వేగం కూడా పెరిగింది, పాత కార్డు 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడిచేది, ఇది 5 మీద నడుస్తోంది, పెద్ద స్కాన్ ఫైళ్లు ఎక్కించేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

వేగం కోసం మాత్రమే కొనేవాళ్లకి ఒక మాట. డబ్బా మీద రాసే 2.4 గిగాబిట్ల లెక్క మన షాపుల్లో కనిపించదు. దానికి 160 మెగాహెర్ట్జ్ వెడల్పు ఇచ్చే రౌటరు ఉండాలి, మన బ్రాడ్‌బ్యాండ్ ప్లానే 50, 100 మెగాబిట్లు ఉంటే కార్డు ఏం చేస్తుంది? 6 గిగాహెర్ట్జ్‌కి 6ఈ రౌటరు, విండోస్ 11 రెండూ కావాలి. సిగ్నల్ దూరం కూడా పెద్దగా పెరగదు, ఎందుకంటే యాంటెన్నాలు ల్యాప్‌టాప్‌వే, కార్డుతో రావు. మాది పాతకాలపు రాతి గోడల బిల్డింగ్, వెనక గదిలోకి సిగ్నల్ ముందు ఎంత వచ్చేదో ఇప్పుడూ అంతే.

కార్డు మార్చాక కూడా కరెంటు పోయి వచ్చినప్పుడు నెట్ ఆలస్యంగా కలవడం కొన్నాళ్లు గమనించాను. అది కార్డుది కాదు, రౌటరుది. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 వరకు ఉన్న చానెళ్లు రాడార్లు కూడా వాడతాయి, అందుకే రౌటరు ఆ చానెళ్ల మీద ఆన్ అయినప్పుడు కనీసం ఒక నిమిషం ఊరికే విని, రాడార్ లేదని తేలాకే సిగ్నల్ వదులుతుంది. ఈలోపు ల్యాప్‌టాప్ లేచి వెతికితే ఏం కనిపిస్తుంది? రౌటరు సెట్టింగ్స్‌లో చానెల్‌ని ఆటో నుంచి తీసి 36 నుంచి 48 మధ్యలో ఒకటి పెట్టాను, ఆ ఆలస్యం పోయింది. రౌటరుకి చిన్న యూపీఎస్ పెట్టుకుంటే ఇంకా మంచిది, కరెంటు పోయినా అది ఆగదు.

యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనొచ్చు కదా అంటే, సోల్డర్ చిప్ ఉన్నవాళ్లకి అదే దారి. తక్కువ ధరలో వస్తుంది, మూత విప్పక్కర్లేదు. కానీ గోరంత డాంగిల్స్ బాగా వేడెక్కుతాయి, పోర్టు ఒకటి పోతుంది, పైగా యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అనే సెట్టింగ్ వల్ల స్లీప్ తర్వాత అవి కూడా లేవకపోవచ్చు, పవర్ ప్లాన్‌లో అది ఆఫ్ చేసుకోవాలి. కౌంటర్ కదలని వాళ్లకి అన్నిటికంటే నమ్మకమైనది ల్యాన్ వైరే. నా ల్యాప్‌టాప్‌కి ఆ పోర్టు లేదు, పైగా పింఛను పనులకి నడవలేని ముసలివాళ్ల ఇళ్లకి మెషిన్ మోసుకెళ్తుంటాను, అందుకే నాకు వైఫై తప్పదు.

కొనేటప్పుడు ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ల రేటింగ్ చూసి, వాపస్ తీసుకునే షరతు ఉన్నచోటే తీసుకోండి, కార్డు రాగానే మీద ఏఎక్స్210 అనే మోడల్ నంబర్, మ్యాక్ అడ్రస్ (ప్రతి కార్డుకీ విడిగా ఉండే నంబరు) ఉన్న స్టిక్కర్ ఉన్నాయో లేదో చూడండి, డివైస్ మేనేజర్‌లో కూడా అదే పేరు రావాలి. ల్యాప్‌టాప్ వారంటీలో ఉంటే మూత మీరు విప్పకండి, ముందు కంపెనీకే ఇవ్వండి, కార్డు మార్చి ఇవ్వడం వాళ్ల బాధ్యత. ఇచ్చేటప్పుడు స్లీప్ నుంచి లేచాక డివైస్ మేనేజర్‌లో కార్డు లేకపోవడాన్ని ఫోన్‌లో వీడియో తీసి చూపించండి, ఎందుకంటే వాళ్లు ఆన్ చేసి చూసినప్పుడు అది చక్కగా పనిచేస్తుంది, ప్రాబ్లమ్ ఏమీ లేదని వెనక్కిచ్చేస్తారు.